కడలి అడుగున నేల జరిగితే

సముద్రపు అడుగున పరచిన చమురు, గ్యాస్ పైప్‌లైన్లకు భూకంపం వల్ల కలిగే ముప్పును అర్థం చేసుకోవాలంటే, సాధారణంగా ఒకటిగా కలిపి మాట్లాడుకునే రెండు విషయాలను ముందుగా విడదీసి చూడాలి. వాటిలో ఒకటి నేల కంపించటం, మరొకటి నేల జరిగిపోవటం. కంపనం అలల రూపంలో వందల కిలోమీటర్ల దూరం ప్రయాణించి, కొద్ది నిమిషాలలో అణిగిపోతుంది. అది దాటిపోయాక నేల దాదాపుగా తన మునుపటి చోటికే వస్తుంది. జరగటం అలాంటిది కాదు. భూమి పైపొరలో ఒక పగులుకు ఇరువైపులా ఉన్న రాతి భాగాలు ఒకదానికొకటి ఎడంగానో, పక్కగానో, పైకో కిందికో కదిలి, ఆ కొత్త చోటనే నిలిచిపోతాయి. పట్టణాలలో ఇళ్లను కూల్చేది ఎక్కువగా కంపనమే కాబట్టి, భూకంపమనగానే జనం మనసులో మెదిలేది కూడా అదే. పైప్‌లైన్ విషయంలో మాత్రం ఈ లెక్క తలకిందులవుతుంది.

ఎందుకు తలకిందులవుతుందో చిన్న లెక్కతో తేల్చవచ్చు. ఒక వస్తువు పొడవులో వచ్చిన మార్పును దాని అసలు పొడవుతో భాగిస్తే వచ్చే సంఖ్యను భౌతికశాస్త్రంలో వికృతి అంటారు. భూకంపపు అలలు సాగిపోయేటప్పుడు నేలలో, నేలను అంటిపెట్టుకున్న గొట్టంలో కలిగే వికృతి, నేల కదిలే వేగాన్ని అల ప్రయాణించే వేగంతో భాగించినంత ఉంటుంది. గట్టి భూకంపంలో నేల సెకనుకు అర మీటరు వేగంతో ఊగిందని, అల సెకనుకు 1,000 మీటర్ల వేగంతో సాగిందని అనుకుంటే, వికృతి 0.05 శాతం, అంటే ఒక కిలోమీటరు గొట్టానికి అర మీటరు సాగుడు మాత్రమే అవుతుంది. పైప్‌లైన్లకు వాడే ఉక్కు సుమారు 0.2 శాతం వరకు సాగి, లాగుడు పోగానే తిరిగి యథాస్థితికి రాగలదు. చక్కగా అతికిన ఉక్కు గొట్టం ఒట్టి ఊగుడుకు తెగిపోవటం అరుదు కావటానికి ఈ తేడాయే కారణం. గొట్టానికి నిజమైన పరీక్ష నేల జరిగిన చోటనే ఎదురవుతుంది.

భూగర్భశాస్త్రం భ్రంశమని పిలిచే ఈ పగుళ్లు ప్రధానంగా మూడు విధాలు. రెండు వైపుల రాళ్లూ ఎడమవుతుంటే ఒక వైపు నేల కిందికి దిగుతుంది. దీనిని సాధారణ భ్రంశమంటారు. రెండు వైపుల నుంచీ ఒత్తిడి పడుతుంటే ఒక వైపు నేల రెండవదాని పైకి ఎగబాకుతుంది. ఇది విలోమ భ్రంశం. మూడవ రకంలో రెండు భాగాలూ ఎదురెదురుగా పోయే రెండు బండ్ల మాదిరిగా ఒకదాని పక్కగా మరొకటి రాసుకుంటూ జరుగుతాయి. మొదటి రకం గొట్టాన్ని సాగదీస్తుంది, రెండవది నలిపేస్తుంది. మూడవ రకం ఏం చేస్తుందన్నది గొట్టం ఆ పగులును ఏ కోణంలో దాటుతుందన్న దానిని బట్టి ఉంటుంది. పగులు సరిగ్గా ఉత్తర దక్షిణాలుగా ఉండి, దాని పడమటి వైపు నేల ఉత్తరానికి జరిగిందనుకుంటే, వాయవ్యం నుంచి ఆగ్నేయానికి పోయే గొట్టం సాగుతుంది, నైరుతి నుంచి ఈశాన్యానికి పోయే గొట్టం నలుగుతుంది. పగులు అదే, జరిగిన దూరమూ అదే అయినా దారి గీసిన కోణాన్ని బట్టి గొట్టం గతి మారిపోతుంది. అందుకే పగుళ్లున్న ప్రాంతాలలో పైప్‌లైన్ భద్రతలో పెద్ద భాగం, ఉక్కు కొనక ముందే, పటం మీద దారి గీసేటప్పుడే తేలిపోతుందని చెప్పటం అతిశయోక్తి కాదు.

ఈ మూడవ రకం పగులును 60 డిగ్రీల కోణంలో దాటే గొట్టాన్ని ఉదాహరణగా తీసుకోవచ్చు. నేల ఒక్కసారిగా 3 మీటర్లు జరిగితే, గొట్టం పొడవు వెంట వచ్చే లాగుడు ఒకటిన్నర మీటర్లు ఉంటుంది. ఆ ఒకటిన్నర మీటర్లనూ పగులుకు దగ్గరలోని 20 మీటర్ల గొట్టమే భరించవలసి వస్తే వికృతి 7.5 శాతానికి చేరుతుంది. అంత సాగుడుకు అతుకుల దగ్గర తెగే ప్రమాదం చాలా ఎక్కువ. అదే లాగుడును 300 మీటర్ల గొట్టం పంచుకోగలిగితే వికృతి అర శాతమే. ఉక్కు అదే, భూకంపమూ అదే. తేడా అంతా, పగులుకు ఇరువైపులా ఉన్న గొట్టం ఎంత దూరం వరకు తన చోటి నుంచి జారి వచ్చి ఆ బాధను పంచుకోగలదన్న దానిలోనే ఉంది. నేల దానిని బిగించి పట్టుకుంటే కష్టమంతా ఒకే చోట పోగుపడుతుంది, పట్టు వదులుగా ఉంటే అది పలచబడుతుంది. ఈ రంగంలో యాభై ఏళ్లుగా జరిగిన ఆలోచనంతా ఒక విధంగా ఈ పట్టును ఎలా సడలించాలన్న ప్రశ్న చుట్టూనే తిరిగింది.

అర శాతం కూడా స్థితిస్థాపక అవధిని, అంటే లాగుడు పోయాక లోహం తిరిగి పూర్వరూపానికి రాగల హద్దును, దాటినదే. అయితే ఆ హద్దు దాటటమంటే విరగటం కాదు. పైప్‌లైన్లకు వాడే ఒక సాధారణ రకం ఉక్కు చదరపు సెంటీమీటరుకు దాదాపు నాలుగున్నర టన్నుల లాగుడు వరకు స్థితిస్థాపకంగా ఉంటుంది. ఆ పైన శాశ్వతంగా సాగటం మొదలుపెడుతుంది, కానీ తెగకుండా ఇంకా చాలా దూరం సాగగలదు. సముద్రంలో గొట్టాలు పరచే ఒక పద్ధతే దీనికి చక్కని సాక్ష్యం. మధ్యరకపు వ్యాసం గల గొట్టాన్ని తీరంలోనే పొడవుగా అతికి, ఓడ మీద ఉన్న బ్రహ్మాండమైన చక్రానికి దారం చుట్టినట్టు చుట్టి, నడి సముద్రంలో దానిని విప్పి, సాపు చేసి నీటిలోకి దించుతారు. అలా చుట్టినప్పుడు గొట్టపు గోడలో ఒకటి నుంచి రెండు శాతం వరకు వికృతి వస్తుంది. అంటే ఆ గొట్టం తన స్థితిస్థాపక అవధిని ఎన్నో రెట్లు దాటిన తరువాతనే పని మొదలుపెడుతుందన్నమాట. అసలు బలహీనత గొట్టం దేహంలో కంటే దాని అతుకులలోనే ఎక్కువ. సాధారణంగా 12 మీటర్ల ముక్కలను ఒకదానికొకటి వెల్డింగ్ చేసి పైప్‌లైన్ తయారుచేస్తారు కాబట్టి, పగులు దాటే చోట అతుకు లోహం గొట్టం లోహం కంటే బలంగా ఉండేటట్టు, అతుకులో వెంట్రుకవాసి లోపం కూడా మిగలకుండా చూడవలసి ఉంటుంది.

లాగుడుకు ఇంత ఓర్పు ఉన్న ఉక్కు గొట్టం, నొక్కుడుకు మాత్రం అంత ఓర్వలేదు. పొడవు వెంట రెండు వైపుల నుంచీ నొక్కితే, లోహం బలం ఇంకా మిగిలి ఉండగానే, పలచని గోడ ముడతపడుతుంది. ఇది లోహపు బలానికి కాక ఆకారానికి సంబంధించిన వైఫల్యం. ఖాళీ రేకు డబ్బాను నిలబెట్టి పైనుంచి నొక్కితే దాని నడుము దగ్గర ముడత పడటంలో కనిపించేదీ ఇదే. గొట్టపు వ్యాసాన్ని గోడ మందంతో భాగిస్తే వచ్చే నిష్పత్తి ఎంత పెద్దదైతే ముడత అంత తొందరగా వస్తుంది. 1999 ఆగస్టు 17న టర్కీలోని ఇజ్మిత్ ప్రాంతంలో వచ్చిన పెద్ద భూకంపం దీనిని కళ్లకు కట్టింది. అక్కడి కుల్లార్ అనే చోట 2.2 మీటర్ల వ్యాసం, 18 మిల్లీమీటర్ల మందం గల ఉక్కు నీటి గొట్టం, భూమిలో పూడ్చినది, ఉత్తర అనటోలియా భ్రంశాన్ని దాటుతుంది. భ్రంశం దాదాపు 3 మీటర్లు పక్కకు జరిగింది. గొట్టం దాటిన కోణం నొక్కుడు కలిగించేది కావటంతో పగులుకు దగ్గరలో గోడ ముడతలు పడి, నీరు కారింది. ఆ గొట్టపు వ్యాసానికీ మందానికీ నిష్పత్తి సుమారు 122. ఇంత పలచని గొట్టం కూడా రెండుగా తెగిపోకుండా, మరమ్మతు చేసేవరకు నీటిని మోస్తూనే ఉండటం ఉక్కు సహనానికి నిదర్శనం. కాని లోపల ప్రవహించేది నీరు కాక ఎక్కువ పీడనంలో ఉన్న గ్యాస్ అయినప్పుడు ఆ చిన్న కారుడు కూడా అంత తేలికగా తీసుకోదగినది కాదు.

పైప్‌లైన్లు పగుళ్లను దాటే తీరును లెక్కకట్టే శాస్త్రానికి పునాది 1970లలో పడింది. 1971 ఫిబ్రవరి 9న కాలిఫోర్నియాలోని శాన్ ఫెర్నాండోలో 6.6 తీవ్రతతో వచ్చిన భూకంపంలో నేల జరిగిన చోట్ల నీటి, గ్యాస్ గొట్టాలు చాలా దెబ్బతిన్నాయి. తరువాత 1975లో నాథన్ న్యూమార్క్, విలియం హాల్ అనే అమెరికన్ ఇంజనీర్లు, పూడ్చిన గొట్టం పగులును దాటేటప్పుడు ఎంత సాగుతుందో, ఆ సాగుడును ఇరువైపులా ఎంత దూరం వరకు పంచుకుంటుందో చెప్పే ఒక సరళమైన లెక్కను ప్రచురించారు. అలాస్కాను ఉత్తరం నుంచి దక్షిణానికి దాటే 1,287 కిలోమీటర్ల చమురు పైప్‌లైన్ రూపకల్పనలో కూడా ఈ ఇద్దరి సలహా ఉంది. ఆ పైప్‌లైన్ డెనాలీ భ్రంశాన్ని దాటే చోట, భూమిలో పూడ్చకుండా, నేలకు కొద్ది ఎత్తున అడ్డంగా వేసిన పొడవాటి దూలాల మీద, జారే అడుగులతో దానిని నిలిపారు. నేల అడ్డంగా 6 మీటర్లు, నిలువుగా ఒకటిన్నర మీటర్లు జరిగినా తట్టుకోవాలన్నది వారి అంచనా. పైప్‌లైన్ 1977లో పని మొదలుపెట్టింది. పాతికేళ్ల తరువాత, 2002 నవంబరు 3న, 7.9 తీవ్రతతో డెనాలీ భ్రంశం కదిలింది. పైప్‌లైన్ దగ్గర నేల అడ్డంగా నాలుగు మీటర్లకు పైగా, నిలువుగా ముప్పావు మీటరు జరిగింది. గొట్టం దూలాల మీద పక్కకు జారింది, కొన్ని ఆధారాలు దెబ్బతిన్నాయి, చమురు మాత్రం చుక్క కూడా ఒలకలేదు. భూకంప ఇంజనీరింగ్ చరిత్రలో ముందుచూపు ఇంత స్పష్టంగా నిరూపణ అయిన సందర్భాలు చాలా తక్కువ.

డెనాలీ దగ్గర భూమి మీద అంత శ్రమపడి కల్పించిన స్వేచ్ఛ, లోతైన సముద్రంలో చాలావరకు దానంతట అదే దొరుకుతుంది. తీరానికి దూరంగా, చేపల వలలూ ఓడల లంగర్లూ అందని లోతుల్లో, గొట్టాన్ని సాధారణంగా పూడ్చరు. సముద్రపు అడుగు మీద ఊరికే పడుకోబెడతారు. అది తన బరువుతో మెత్తని బురదలో కొంత కూరుకుపోతుంది తప్ప, మీద కప్పిన మట్టి దానిని బిగించి పట్టుకోదు. నేల జరిగినప్పుడు ఈ గొట్టం ఇరువైపుల నుంచీ వందల మీటర్ల మేర జారి వచ్చి లాగుడును పంచుకోగలదు, నొక్కుడు వస్తే పక్కకు వంపు తిరిగి తప్పుకోగలదు. పైగా, వేడి చమురును మోసే గొట్టాలు వేడికి వ్యాకోచించి ఎక్కడపడితే అక్కడ వంగకుండా, పరచేటప్పుడే వాటిని పాము నడకలా మెలికలు మెలికలుగా పరచే ఆచారం సముద్రపు ఇంజనీర్లకు ఉంది. అలాస్కా పైప్‌లైన్‌ను వంకరటింకరగా నిర్మించటానికీ ఉష్ణోగ్రతల తేడాయే ఒక ముఖ్య కారణం. వేడి కోసం వదిలిన సందు భూకంపానికీ పనికివస్తుంది; గొట్టానికి తన పొడవు ఎందుకు మారవలసి వచ్చిందన్నదానితో పని లేదు, మారటానికి చోటు ఉందా లేదా అన్నదే దానికి కావలసింది.

లోతు ఇచ్చే రెండవ మేలు మందం. రష్యా నుంచి టర్కీకి నల్లసముద్రం అడుగున దాదాపు 930 కిలోమీటర్లు సాగి, 2020లో పని మొదలుపెట్టిన టర్క్‌స్ట్రీమ్ గ్యాస్ గొట్టం వ్యాసం సుమారు 81 సెంటీమీటర్లు, గోడ మందం 39 మిల్లీమీటర్లు. దాదాపు 2,200 మీటర్ల లోతున ప్రతి చదరపు సెంటీమీటరు మీద 220 కిలోల నీటి ఒత్తిడి పడుతుంది కాబట్టి అంత మందం అవసరమైంది. దీని వ్యాసానికీ మందానికీ నిష్పత్తి సుమారు 21 మాత్రమే. కుల్లార్ గొట్టపు 122తో దీనిని పోల్చితే, నీటి ఒత్తిడి కోసం ఇచ్చిన మందం నొక్కుడును తట్టుకోవటానికి కూడా ఎంత తోడ్పడుతుందో తెలుస్తుంది.

అయితే ఆ నీటి ఒత్తిడే మరో ప్రమాదాన్ని వెంటబెట్టుకొస్తుంది. భూమి మీద గొట్టానికి ఒకచోట సొట్ట పడితే అది అక్కడే ఉంటుంది. లోతైన నీటిలో, ముఖ్యంగా లోపలి గ్యాస్ పీడనం తగ్గిపోయిన సమయంలో, ఒకచోట అణిగిన గొట్టం తన పక్క భాగాన్ని, అది దాని పక్క భాగాన్ని వరుసగా అణచుకుంటూ కిలోమీటర్ల దూరం చదునైపోగలదు. గుండ్రని గొట్టాన్ని మొదట అణచటానికి చాలా ఒత్తిడి కావాలి. మొదలైన అణుగుడు సాగిపోవటానికి మాత్రం అందులో కొద్ది భాగమే చాలు. ఈ పాకే అణుగుడును ఏ.సి. పామర్, జె.హెచ్. మార్టిన్ 1975లో నేచర్ పత్రికలో లెక్కలతో వివరించారు. దీనికి విరుగుడుగా గొట్టం పొడవునా నిర్ణీత దూరాలలో ఎక్కువ మందం గల ఉక్కు కట్లను అమరుస్తారు. అవి సొట్టను రాకుండా ఆపవు, వచ్చినదాన్ని రెండు కట్ల మధ్యనే బంధిస్తాయి. భ్రంశం దాటే చోట ఇవి ఎక్కడ ఉండాలన్నది జాగ్రత్తగా తేల్చవలసిన విషయం, ఎందుకంటే మందమైన కట్టు వంగదు కాబట్టి, అది పగులుకు మరీ దగ్గరగా ఉంటే దాని అంచున ఉన్న మామూలు గొట్టం మీద వంపు మరింత పెరుగుతుంది.

నేల నిలువుగా జరిగిన చోట సముద్రపు అడుగున ఒక మెట్టు ఏర్పడుతుంది. ఆ మెట్టు మీది నుంచి కిందికి దిగే గొట్టం కొంత దూరం దేని ఆధారమూ లేకుండా వేలాడుతుంది. భూకంపం నాడు దానికి ఏమీ కాకపోవచ్చు. ఆ తరువాత, అడుగున పారే నీటి ప్రవాహాలు వేలాడే భాగాన్ని దాటేటప్పుడు గొట్టం వెనుక ఒక వైపు ఒకటి, రెండవ వైపు ఒకటి చొప్పున సుడులు విడిపోతూ దానిని అదిలిస్తుంటాయి. ఆ అదురు గొట్టపు సహజ లయతో కలిస్తే అతుకులలో అలసట పేరుకుని, నెలల తరువాతో ఏళ్ల తరువాతో చీలిక రావచ్చు. భూకంపం చేసిన గాయం ఆలస్యంగా బయటపడే మార్గాలలో ఇది ముఖ్యమైనది.

భారతదేశానికి సంబంధించినంతవరకు ఈ శాస్త్రమంతా ఒక్కచోట చేరే ప్రదేశం అరేబియా సముద్రంలోని ఓవెన్ భ్రంశ మండలం. ఒమన్ తీరం నుంచి గుజరాత్ తీరానికి సముద్రం అడుగున గ్యాస్ పైప్‌లైన్ వేయాలన్న ఆలోచన 1990ల నుంచీ ఉంది. ఇటీవలి ప్రతిపాదన ప్రకారం దాని పొడవు 1,200 కిలోమీటర్లకు మించుతుంది, అత్యధిక లోతు దాదాపు 3,400 మీటర్లు. ఏ దారి గీసినా, ఒమన్ నుంచి భారతదేశానికి వచ్చే గొట్టం ఓవెన్ మండలాన్ని దాటక తప్పదు, ఎందుకంటే అది భూమి పైపొరలోని అరేబియా ఫలకానికీ భారత ఫలకానికీ మధ్య ఉన్న సరిహద్దు. దాదాపు 800 కిలోమీటర్ల పొడవున్న ఈ పగులు ఉత్తర ఈశాన్య దిశగా సాగుతుంది. రెండు ఫలకాలూ ఉత్తరానికే పోతున్నా అరేబియా ఫలకం కొంచెం వేగంగా పోతుంది. ఆ తేడా ఏడాదికి సుమారు 3 మిల్లీమీటర్లు. ఈ సంఖ్య చాలా చిన్నదిగా కనిపిస్తుంది గానీ దానిని రెండు విధాలుగా చదవవచ్చు. పగులు మెల్లమెల్లగా జారుతూ ఉంటే, యాభై ఏళ్ల ఆయుష్షు గల గొట్టానికి ఎదురయ్యేది 15 సెంటీమీటర్ల జరుగుడే. అది బిగుసుకుని ఉంటే, వెయ్యేళ్ల జరుగుడు పోగై, ఒక్క భూకంపంలో 3 మీటర్లు ఒకేసారి విడుదల కావచ్చు. సగటు వేగం రెండింటిలోనూ ఒకటే అయినా గొట్టం రూపకల్పన పూర్తిగా వేరవుతుంది.

ఈ రెండింటిలో ఏది నిజమో తేల్చటానికి సముద్రపు అడుగునే చదవాలి. ఓడ నుంచి విసనకర్రలా విస్తరించే శబ్ద తరంగాలను పంపి, వాటి ప్రతిధ్వనులతో అడుగు ఎత్తుపల్లాల పటం గీస్తారు. మరికొన్ని తక్కువ పౌనఃపున్యపు తరంగాలు బురద పొరల లోపలికి దూరి, ఏ పొర వరకు పగులు తెంచిందో, ఏ పొర దాని మీదుగా తెగకుండా పరుచుకుందో చూపిస్తాయి. తెగిన చివరి పొర వయసునూ, తెగని మొదటి పొర వయసునూ బురద నమూనాల నుంచి నిర్ణయిస్తే, పగులు చివరిసారి ఎప్పుడు కదిలిందో ఆ రెండింటి మధ్య దొరుకుతుంది. భూమి మీద కందకం తవ్వి చేసే ఈ పనిని మూడు కిలోమీటర్ల నీటి కింద శబ్దంతోనే చేయవలసి రావటం వల్ల పటంలో ఒక వెడల్పాటి అనిశ్చితి మిగులుతుంది. పైగా పగులు అంతటా ఒకే గీతగా ఉండదు, కొన్నిచోట్ల కిలోమీటర్ల వెడల్పున అనేక చీలికలుగా విడిపోతుంది. అందుకే దారి ఎంచుకునేటప్పుడు పగులు ఒకే సన్నని గీతగా ఉన్న చోటుకు, గొట్టం నలగకుండా సాగేటట్టు దాటగల కోణానికి ప్రాధాన్యం ఇవ్వటం సమంజసం.

భ్రంశం మీద ఇంత దృష్టి పెట్టినా, లోతైన సముద్రంలో భూకంపం పంపే పెద్ద శత్రువు బహుశా అది కాదు. 1929 నవంబరు 18న కెనడాకు తూర్పున గ్రాండ్ బ్యాంక్స్ దగ్గర 7.2 తీవ్రతతో భూకంపం వచ్చినప్పుడు, అట్లాంటిక్ అడుగున ఉన్న 12 టెలిగ్రాఫ్ కేబుళ్లు తెగాయి. భూకంప కేంద్రానికి దగ్గరలోనివి వెంటనే తెగగా, దిగువన లోతుల్లో ఉన్నవి ఒకదాని తరువాత ఒకటిగా, పదమూడు గంటల వరకు తెగుతూ పోయాయి. దీని కారణం 1952లో గానీ తేలలేదు. బ్రూస్ హీజెన్, మారిస్ యూయింగ్ అనే శాస్త్రవేత్తలు కేబుళ్లు తెగిన సమయాలను వరుసలో పేర్చి, ఖండతీరపు వాలు మీది బురద జారి, నీటితో కలిసి, గంటకు 60 కిలోమీటర్లకు పైగా వేగంతో అడుగు వెంట పారిందని చూపించారు. తెగిన కేబుళ్లే ఆ బురద ప్రవాహానికి గడియారంగా పనిచేశాయి. 2006 డిసెంబరు 26న తైవాన్ దక్షిణాన వచ్చిన భూకంపం ఇదే విధంగా అనేక ఇంటర్నెట్ కేబుళ్లను తెంపి, తూర్పు ఆసియా సమాచార వ్యవస్థను వారాల తరబడి కుంటుపరచింది. భ్రంశం గొట్టాన్ని ఒక బిందువు దగ్గరే పట్టుకుంటుంది, బురద ప్రవాహం మాత్రం అడ్డంగా వచ్చి కిలోమీటర్ల మేర దానిని ఈడ్చుకుపోగలదు. ఒమన్ నుంచి వచ్చే ప్రతిపాదిత దారి సింధు నది తెచ్చి పోసిన అపారమైన బురద మైదానాన్ని దాటవలసి ఉంది కాబట్టి ఈ ఆలోచన అక్కడ కూడా తప్పదు.

నార్వే పశ్చిమ తీరంలోని ఓర్మెన్ లాంగె గ్యాస్ క్షేత్రం ఈ భయాన్ని నేరుగా ఎదుర్కొన్న చోటు. సుమారు 8,150 ఏళ్ల క్రితం స్టోరెగ్గా అనే చోట వెయ్యికి పైగా ఘన కిలోమీటర్ల మట్టి జారిపోగా మిగిలిన గాయంలోనే ఆ క్షేత్రం ఉంది. అలాంటి జారుడు మళ్లీ వస్తుందా అన్న ప్రశ్నకు సమాధానం దొరికిన తరువాతే, మంచుయుగం పోసిన బలహీనపు మట్టి అప్పుడే జారిపోయిందని నిర్ధారించుకున్న తరువాతే, అక్కడ 2007లో ఉత్పత్తి మొదలైంది.

తీరం దగ్గరకు వచ్చేసరికి పరిస్థితి మళ్లీ మారుతుంది. లంగర్ల నుంచీ వలల నుంచీ కాపాడటానికి గొట్టాన్ని ఇక్కడ పూడ్చక తప్పదు. పూడ్చితే నేల పట్టు బిగుస్తుంది. రష్యా తూర్పున ఉన్న సఖాలిన్ దీవిలో చమురు, గ్యాస్ పైప్‌లైన్లు 19 చోట్ల చురుకైన భ్రంశాలను దాటుతాయి. అలాంటి చోట్ల పక్కలు ఏటవాలుగా ఉండే వెడల్పాటి కందకాలు తవ్వి, గొట్టం చుట్టూ తేలికగా జరిగే వదులు పదార్థాన్ని నింపి, పూడ్చుతూనే కదలికకు చోటు మిగిల్చారు. ఇసుక నేలల్లో మరో చిక్కు ఉంది. నీటితో నిండిన వదులు ఇసుక కంపనానికి కాసేపు ద్రవంలా మారుతుంది. 2001 జనవరి 26న భుజ్ భూకంపంలో కచ్ రణ్‌లో విశాలమైన ప్రాంతాలు ఇలా మారి, ఇసుకా నీరూ పైకి చిమ్మాయి. గ్యాస్ నిండిన గొట్టం అలాంటి ద్రవంలో పడవలా పైకి తేలుతుంది. ఇనుప ఖనిజం కలిపిన బరువైన కాంక్రీటు తొడుగును గొట్టానికి వేయటంలో దానిని మునిగి ఉండేటట్టు చూడటమే ప్రధాన ఉద్దేశం.

తెలుగు తీరానికి వస్తే, కృష్ణా గోదావరి బేసిన్‌లో సముద్రగర్భం నుంచి వచ్చే గ్యాస్ గొట్టాలు కాకినాడ దగ్గరి గాడిమొగ వద్ద, కోనసీమలోని ఓడలరేవు వద్ద ఒడ్డుకు చేరుతున్నాయి. గాడిమొగకు చేరే గ్యాస్ 2009లో మొదలైంది. అది వెయ్యి మీటర్లకు పైబడిన లోతుల నుంచి కూడా వస్తుంది. ఈ తీరంలో డెనాలీ వంటి భ్రంశం లేదు. 1967లో ఒంగోలు దగ్గర 5.4 తీవ్రతతో, 1969లో భద్రాచలం దగ్గర ఇంకొంచెం ఎక్కువ తీవ్రతతో వచ్చిన భూకంపాలు ఇక్కడి పెద్ద ఉదాహరణలు. ఆ స్థాయి భూకంపాలలో సాధారణంగా నేల మీటర్ల కొద్దీ జరగదు. అయితే లక్షల సంవత్సరాలుగా రెండు మహానదులు పోసిన ఒండ్రు తన బరువుకు తానే సముద్రం వైపు మెల్లగా జారుతూ, ఆ జారుడులో తన పగుళ్లను తానే సృష్టించుకుంటుంది. ఇవి ఫలకాల సరిహద్దులు కావు, ఒండ్రు బరువు పుట్టించినవి. నిటారైన వాలు మీద మెత్తని బురద ఉన్నప్పుడు, దానిని కదిలించటానికి దగ్గరలోనే మహా భూకంపం రానవసరం లేదు. కాబట్టి కృష్ణా గోదావరి లోతుల్లో గొట్టం వేసేవారు భ్రంశం కంటే వాలు స్థిరత్వం మీద ఎక్కువ శ్రద్ధ పెట్టటమే న్యాయం. 2004 డిసెంబరు 26న వచ్చిన సునామీ వంటిది లోతైన నీటిలో గొట్టాన్ని పెద్దగా కదపలేదు. ఒడ్డుకు చేరే చోట మాత్రం అది ఇసుకను కోసి, పూడ్చిన గొట్టాన్ని బయటపెట్టగలదు. గ్యాస్ గొట్టం ఒడ్డున తెగితే ఏమవుతుందో కోనసీమకు విడమరచి చెప్పనవసరం లేదు. 2014 జూన్ 27న నగరం గ్రామంలో పైప్‌లైన్ నుంచి కారిన గ్యాస్ అంటుకుని ఇరవై మందికి పైగా ప్రాణాలు పోయాయి. దానికీ భూకంపానికీ సంబంధం లేదు. కానీ ఊళ్ల పక్కగా పోయే గొట్టం గురించి లెక్కలు కట్టేటప్పుడు ఆ ప్రాణాలన్నీ లెక్కలో ఉండాలి.

సముద్రం నడుమ తెగితే ఆపటమూ తేలిక కాదు; అక్కడ గొట్టం దారిలో సాధారణంగా మూసే కవాటాలు ఉండవు. రెండు తీరాల దగ్గర మాత్రమే ఉంటాయి. వేల మీటర్ల లోతున తెగిన భాగాన్ని కోసి తీసి కొత్తది అతకటానికి ప్రత్యేకమైన ఓడలు, మనుషులు లేకుండా నడిచే యంత్రాలు, నెలల సమయం కావాలి. అందువల్ల భూకంపం తరువాత గొట్టం కారకుండా నిలిచినా దానిని పరీక్షించటం తప్పదు. ఇందుకోసం గ్యాస్ ఒత్తిడితోనే గొట్టం లోపల ప్రయాణించే, పిగ్ అని పిలిచే ఒక పరికరాన్ని పంపుతారు. దానిలోని గైరోస్కోపులు ప్రతి మీటరు దగ్గర గొట్టం ఎటు ఎంత వంగిందో నమోదు చేస్తాయి. ఆ వంపుల నుంచి గోడలో ఎంత వికృతి మిగిలిందో, ఇంకా ఎంత ఓర్పు మిగిలిందో లెక్కకట్టవచ్చు. సముద్రపు అడుగున పరచిన ఏ గొట్టమూ సరళరేఖగా ఉండదు, పరచిన నాడే దానికి తనవైన వంపులు వేల కొద్దీ ఉంటాయి. వాటిలో భూకంపం తెచ్చినవి ఏవో విడదీయాలంటే, నేల ఇంకా కదలని రోజుల్లో అదే పరికరం ఒకసారి ఆ గొట్టంలో ప్రయాణించి, మొదటి నమోదును చేసి పెట్టి ఉండాలి.